బ్యాటరీ నువ్వే మార్చుకోవచ్చు, కానీ ముందు అది నిజంగా పోయిందో లేదో చూడు

ఒడిశా సెమిలిగుడ తమ్ముడి గొడవ ఇదీ. నాలుగేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు, బ్యాటరీ కూడా కారుతో వచ్చిందే. క్వార్టర్స్ నుంచి సునాబెడలో డ్యూటీకి రోజూ నాలుగు కిలోమీటర్లు వెళ్లడం, నాలుగు రావడం. చలి ముదిరినప్పటి నుంచి పొద్దున సెల్ఫ్ కొడితే టిక్ టిక్‌మని ఆగిపోతోంది, పక్కింటాయన కారుతో వైర్లు కలిపితే లేస్తోంది. మిస్త్రీ వచ్చి, బానెట్ ఎత్తి, ఒక్క చూపు చూసి "బ్యాటరీ ఖరాప్ హేఇగలా", అంటే బ్యాటరీ పోయింది అనేసి వెళ్లాడట. జయపురం నుంచి కొత్తది తెచ్చుకుని నేనే బిగించుకోవచ్చా, ఏదైనా కాలిపోతుందా అని అడుగుతున్నాడు.

బిగించుకోవచ్చు. పది నంబరు స్పానర్ ఒకటి చేతిలో ఉంటే మొదటిసారైనా అరగంట పని, రెండోసారికి పది నిమిషాలు. నన్నడిగితే బిగించడం అసలు పనే కాదు. ఆ బ్యాటరీ పోయిందని చూపుతోనే తేల్చేసిన మిస్త్రీ మాట దగ్గరే నాకు అనుమానం. రాయగడలో ఇరవై ఏళ్ల పైచిలుకు జీపులు, వ్యాన్లు, కార్లు చూసుకునే పనిలో ఉన్నాను, పోయిందని పక్కన పడేసిన బ్యాటరీల్లో పోనివి ఎన్ని ఉండేవో లెక్కే లేదు.

ముందు నా సొంత తెలివితక్కువతనం చెప్పేస్తాను. నా పాత కారుకి సరిగ్గా ఇదే రోగం వచ్చింది, టిక్ టిక్. మూడున్నరేళ్ల బ్యాటరీ కదా, ఆయుష్షు తీరిందిలే అనుకుని మీటర్ కూడా పెట్టకుండా కొత్తది కొనేశాను. బిగించి తాళం తిప్పితే మళ్లీ టిక్! ఇంట్లో వాళ్లంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. రెండు రోజులు తల పట్టుకుని, చివరికి కారు కిందకి దూరితే, బాడీ నుంచి గేర్‌బాక్స్‌కి వచ్చే ఎర్త్ పట్టీ ఉంటుంది చూడు, జడలా అల్లిన రాగి పట్టీ, దాని బోల్టు కింద పచ్చగా చిలుం పట్టి ఉంది. బోల్టు ఊడదీసి, గరుకు కాగితంతో రెండు వైపులా తళతళలాడేలా రుద్ది మళ్లీ బిగిస్తే ఒక్క సెల్ఫ్‌కే లేచింది. పాత బ్యాటరీ అప్పటికే దుకాణం వాడికి బదులు ఇచ్చేశాను. ఖర్చైంది కొత్త బ్యాటరీకి, బాగైంది రూపాయి గరుకు కాగితంతో.

కాబట్టి జయపురం బయల్దేరే ముందు హార్డ్‌వేర్ షాపులో ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కో. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, ఇంట్లో ఇన్వర్టర్‌కి, ప్లగ్గులకి కూడా పనికొస్తుంది. దాన్ని 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, ఎర్ర పుల్ల ప్లస్ మీద, నల్ల పుల్ల మైనస్ మీద ఆనించాలి. రాత్రంతా బండి ఆగి ఉన్నాక, పొద్దున స్టార్ట్ చేయకముందు చూడాలి. బండి నడిపి ఆపిన వెంటనే చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. ఇంకో చిన్న మాట, బానెట్ లాగే మీట ఎలాగూ కారు లోపలే కదా, తలుపు తీయగానే లైట్లు, లోపలి కంప్యూటర్ మేల్కొంటాయి, అందుకని బానెట్ ఎత్తి, తలుపులేసి, ఓ పది నిమిషాలు ఆగి అప్పుడు మీటర్ పెట్టు. అంకె 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగానికి వచ్చింది. 12 కంటే కిందకి దిగితే దాదాపు ఖాళీ.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఖాళీ అవడం వేరు, పోవడం వేరు. కుండలో నీళ్లు లేకపోతే కుండ పగిలిందని కాదు కదా. 11.8 చూపించిందంటే ముందు దాన్ని చార్జింగ్‌కి పెట్టాలి. 35 యాంప్ బ్యాటరీకి మూడు నాలుగు యాంపుల చార్జర్ అయితే దాదాపు ఒక రాత్రి పడుతుంది. బ్యాటరీ దుకాణాల్లో పెడతారు, నీ దగ్గర పెట్టేవాళ్లు లేకపోతే కోరాపుట్‌లో అడుగు. తెచ్చుకున్నాక ఇంకో రాత్రి ఊరికే ఉంచి మళ్లీ చూడు. 12.5, 12.6 దగ్గర నిలబడితే ప్రాణం ఉన్నట్టే. చార్జ్ చేసి తెచ్చాక కూడా తెల్లారేసరికి 12 దగ్గరకి జారిపోయిందంటే లోపల ఏదో సెల్ పోయింది, దాన్ని ఇక ఎవరూ బాగుచేయలేరు. ప్లేట్లు కడిగి, కొత్త యాసిడ్ పోసి ఇస్తామనేవాళ్లు దొరుకుతారు కానీ నా అనుభవంలో అలాంటిది ఒక్కటీ ఆ చలికాలం దాటలేదు.

నిండు చార్జ్ ఉన్నప్పుడు చేయాల్సిన అసలు పరీక్ష ఇంకొకటుంది. మీటర్ పుల్లలు బ్యాటరీ మీదే పట్టుకుని, ఇంట్లో ఎవరినైనా తాళం తిప్పమను. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు అంకె ఎంత కిందకి పడుతుందో చూడు. పది వోల్టుల పైన నిలిస్తే బ్యాటరీ మంచిదే. 9.6 కంటే కిందకి పడిపోయి, ఎనిమిదీ ఏడూ అంటోందంటే దాని పని అయిపోయింది, మిస్త్రీ చెప్పింది నిజమే. మీ సెమిలిగుడలో జనవరి తెల్లవారుజామున చలి పది డిగ్రీల లోపుకి దిగుతుంది కాబట్టి 9.6 దగ్గరలో ఊగిసలాడితే మాత్రం కంగారుపడకు, ఎండెక్కాక మళ్లీ చూడు.

ఇక మూడో రకం, నాకు జరిగింది. తాళం తిప్పితే టిక్‌మంటుంది, ఇంజన్ తిరగదు, కానీ మీటర్‌లో అంకె పన్నెండు దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. దానర్థం కరెంటు బ్యాటరీ నుంచి బయటికే రావడం లేదని. టెర్మినల్ వదులుగా ఉందేమో, తెల్ల బూడిద పట్టిందేమో, ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందేమో, లేదా సెల్ఫ్ మోటారే పోయిందేమో. ఇప్పుడు నల్ల పుల్ల బ్యాటరీ మైనస్ మొన మీద, ఎర్ర పుల్ల ఇంజన్ మీద రంగులేని ఇనుప చోట పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించు. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ దారిలోనే అడ్డం ఉంది. ఈ ఒక్క కొలత ఆ రోజు నాకు తెలిసుంటే కొత్త బ్యాటరీ డబ్బులు జేబులోనే ఉండేవి. నీ బండి పక్కింటాయన వైర్లు వేస్తే లేస్తోందన్నావు కాబట్టి నీది ఈ రకం కాకపోవచ్చు, అయినా వైరు క్లిప్పు సరిగ్గా ఆ చిలుం మీద కొరికి పట్టుకోవడం వల్ల కూడా అలా లేస్తుంది, అందుకే కొలిచి చూడమంటున్నాను.

బండి స్టార్ట్ అయ్యాక కూడా ఒకసారి కొలవాలి. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినా పెద్దగా పడకూడదు. ఇంజన్ నడుస్తున్నా పన్నెండు చిల్లరే ఉంటే డైనమో చార్జ్ చేయడం లేదు. ఇప్పటి బండ్లలో ఉండేదాని అసలు పేరు ఆల్టర్నేటర్, మన వైపు అందరికీ డైనమోనే. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా ఆ కొత్తది కూడా రెండు మూడు రోజుల్లో పడుకుంటుంది, నువ్వు దుకాణం వాడి మీద పోట్లాటకి వెళ్తావు, అతనికేం తెలుసు పాపం.

డైనమో పరీక్ష పేరుతో కొందరు మిస్త్రీలు ఇంజన్ నడుస్తుండగా మైనస్ వైరు పీకేస్తారు, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టట. అంబాసిడర్ల కాలంలో చెల్లింది. ఇప్పటి బండ్లలో బ్యాటరీ లేని క్షణంలో వోల్టేజ్ ఎగిరిపడి కంప్యూటర్ బోర్డు మాడిపోవచ్చు. మా దగ్గర ఒక వ్యాన్‌కి ఒకాయన ఇలాగే పీకాడు, బోర్డు పోయింది, ఆ బోర్డు ఖరీదులో ఎన్ని బ్యాటరీలు వచ్చేవో లెక్కేసుకుని మా మేనేజర్ ఆయన్ని మళ్లీ గేటు లోపలికి రానివ్వలేదు. నీ బండి ముందు ఎవరైనా ఆ పని చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపు.

నాలుగు కిలోమీటర్ల డ్యూటీ అన్నావే, దాని గురించి కూడా చెప్పాలి. బండి ఊరికే నిలబడి ఉన్నా గడియారం, లాక్, కంప్యూటర్ కలిసి కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి, 50 మిల్లీ యాంపుల దాకా మామూలే. ఆ లెక్కన రోజుకి 1.2 యాంప్-అవర్ (యాంపుల్ని గంటలతో గుణించిన లెక్క), నెల రోజులకి 36. నీ బ్యాటరీ మొత్తమే 35 అనుకుంటే, నెల రోజులు సెలవు పెట్టి ఊరెళ్లొచ్చేసరికి కారు మూగపోవడంలో వింతేముంది? రోజూ తిప్పుతున్నా ఎనిమిది పది నిమిషాల ప్రయాణంలో, అదీ పొగమంచులో లైట్లు వేసుకుని, బ్లోయర్ పెట్టుకుని వెళ్తే, సెల్ఫ్ తాగిందీ రాత్రి తాగిందీ తిరిగి నిండదు. అలా సగం చార్జ్‌తోనే వారాలు గడిస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ నిజంగానే పోతుంది. వారానికొకసారి పిల్లల్ని తీసుకుని దేవమాలి వైపో, కోరాపుట్ జగన్నాథుడి గుడికో ఓ గంట తిప్పుకురా, దేవుడి దర్శనమూ అవుతుంది, చార్జింగూ అవుతుంది.

అన్నట్టు చలి బ్యాటరీని చంపుతుందని అందరూ అనుకుంటారు. చంపేది ఎండ. జయపురం, రాయగడ, కింద విజయనగరం వేసవిలో బానెట్ కింద ఉడికి లోపల దెబ్బతింటుంది, ఆ సంగతి అప్పుడు బయటపడదు, ఎందుకంటే వేడిలో ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. చలికి ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి ఎక్కువ బలం కావాలి, అదే సమయానికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, అప్పుడు దొరికిపోతుంది. మన వైపు మూడు నుంచి ఐదేళ్లు వస్తే బాగా వచ్చినట్టే, నీది నాలుగేళ్లు కాబట్టి పోయుండే అవకాశం బాగానే ఉంది, కాదనను.

సరే, కొలిచావు, పోయిందని తేలింది. కొనేటప్పుడు పాత బ్యాటరీ ఫొటో తీసుకెళ్లు, ముఖ్యంగా దాని మీద ఉన్న కోడ్. చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి 38బి20ఎల్ లేదా 38బి20ఆర్ అనే సైజు ఉంటుంది. ఇందులో 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. చివర ఉన్న ఎల్, ఆర్ అనేవి ప్లస్ ఏ పక్కన ఉందో చెప్పేవి. ఈ ఒక్క అక్షరం తప్పితే బ్యాటరీ ట్రేలో చక్కగా కూర్చుంటుంది కానీ వైరు అందదు. మా దగ్గర ఒకబ్బాయి ఇలాగే తెచ్చి, బ్యాటరీని వెనక్కి తిప్పి, వైరు సాగదీసి తగిలించాడు, ప్లస్ క్లాంప్, అంటే మొనని పట్టుకునే వైరు చివరి బిగింపు, బానెట్‌కి వేలెడు దూరంలో ఉంది. గుంతలో పడితే అక్కడే నిప్పు. మొనలు లావువా సన్నవా అన్నది కూడా చూసుకో. కొన్ని సైజుల్లో రెండు రకాలూ వస్తాయి, కోడ్ చివర ఎస్ అని ఉంటే లావు మొన. సన్న మొనకి లావు క్లాంప్ వేసి మధ్యలో రేకు ముక్క దూర్చే వైద్యం చేయొద్దు.

ఎక్సైడ్ మంచిదా, అమరాన్ మంచిదా అని దయచేసి అడగొద్దు, ఈ తగువు తీరేది కాదు. నేను చూసేది తయారైన తేదీ. మూడు నెలల్లోపుదైతే తీసుకుంటాను, ఆరు నెలలు దాటి అరలో దుమ్ము పట్టిందైతే తగ్గించి ఇచ్చినా వద్దంటాను, ఎందుకంటే కూర్చున్నచోటే అది నీరసపడిపోతుంది. అక్కడికక్కడే మీటర్ పెట్టించు, 12.5 కంటే తక్కువ చూపితే ఇంకోటి తీయమను. కార్డు మీద సీరియల్ నంబరు, తేదీ, స్టాంపు లేకుండా దుకాణం దిగొద్దు. వారంటీ నెలల్లో మొదటి భాగంలో పోతే ఉచితంగా మారుస్తారు, రెండో భాగంలో ధరలో కొంత తగ్గిస్తారు, ఆ రెండూ కలిపి పెద్ద అంకె చెప్తారు, విడివిడిగా ఎన్నెన్నో అడిగి రాయించుకో.

ఇక బిగించడం. నీడలో, చదునుగా ఉన్న చోట బండి ఆపి, తాళం తీసి జేబులో వేసుకో. కారు లోపల వదిలితే ఒక్కోసారి కరెంటు పోయి వచ్చేసరికి తలుపులు లాక్ పడిపోతాయి. వేలి ఉంగరం, చేతి కడియం, స్టీలు గొలుసు వాచీ తీసేయ్, ఇది చాదస్తం కాదు, ప్లస్‌కీ బాడీకీ మధ్య ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చర్మంతో సహా వస్తుంది. చుట్టుపక్కల బీడీ, సిగరెట్ వద్దు, చార్జింగ్ అయిన బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. కళ్లద్దాలు ఏవైనా సరే పెట్టుకో.

మొదట మైనస్ విప్పాలి. ఎందుకో తెలిస్తే ఎప్పటికీ మర్చిపోవు. కారు బాడీ మొత్తం మైనస్‌కే కలిపి ఉంటుంది. ముందు ప్లస్ విప్పబోతే, స్పానర్ తిప్పుతున్నప్పుడు దాని రెండో కొస ఎక్కడో బాడీకి తగిలిందనుకో, ప్లస్ నుంచి మైనస్‌కి నీ చేతిలోని స్పానరే వైరయిపోతుంది, వెల్డింగ్ చేసినట్టు నిప్పురవ్వలు లేస్తాయి. మైనస్ ముందే తీసేస్తే ఆ దారి తెగిపోతుంది, తర్వాత ప్లస్ దగ్గర స్పానర్ బాడీకి తగిలినా ఏం కాదు, బ్యాటరీ మైనస్ మొనకి మాత్రం తగలనివ్వకు. తీసిన మైనస్ వైరుకి పాత గుడ్డ చుట్టి పక్కకి వంచి పెట్టు, స్ప్రింగులా వెనక్కొచ్చి తగులుకుంటుంది. క్లాంప్ రాకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకు, మొన ఊడుతుంది. నట్టు బాగా వదులు చేసి, చేత్తో అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగు.

తర్వాత ప్లస్. ఆ తర్వాత బ్యాటరీని పట్టుకుని ఉన్న కమ్మీ లేదా పట్టీ. 35 యాంప్‌ది తొమ్మిది పది కిలోలు ఉంటుంది, నడుం వంచి ఎత్తకుండా దగ్గరకి లాక్కుని నిటారుగా ఎత్తు. ట్రేలో తెల్ల బూడిద, తుప్పు కనిపిస్తే గ్లాసుడు వేడినీళ్లలో రెండు చెంచాల వంట సోడా కలిపి పొయ్యి, బుస్సుమని నురగ వస్తుంది, అది ఆగేదాకా పోసి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగి ఆరనివ్వు. క్లాంపుల లోపలి వైపూ అంతే, గరుకు కాగితంతో మెరిసేలా రుద్దాలి. చాలామంది వదిలేసే పని ఇదే, కొత్త బ్యాటరీకి పాత చిలుం అంటగడతారు.

కొత్తది పెట్టి కమ్మీ గట్టిగా బిగించు, సాలూరు ఘాట్‌లో మలుపులకి కదలకూడదు, కదులుతూ ఉంటే లోపలి ప్లేట్లు చెడతాయి. ఇప్పుడు వరస తిరగబడుతుంది, ముందు ప్లస్, దాని టోపీ మూసి, చివర మైనస్. మైనస్ తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తే భయపడకు, మామూలే. క్లాంప్‌ని సుత్తితో కొట్టకుండా అడుగుదాకా నొక్కి, చేత్తో తిప్పితే తిరగనంత బిగిస్తే చాలు. అంతకంటే బలం చూపిస్తే సీసం మొన నలిగిపోతుంది. పైన కొంచెం వాజెలిన్ పూసెయ్.

స్టార్ట్ చేశాక గడియారం సున్నాకి పోయి ఉంటుంది, రేడియో స్టేషన్లు పోతాయి, కొన్ని కార్లలో అద్దం ఒక్క నొక్కుకే పైకి వెళ్లడం మానేస్తుంది, అద్దం పూర్తిగా పైకి లేపి స్విచ్ కొన్ని సెకన్లు పట్టుకుంటే చాలావాటిలో మళ్లీ వస్తుంది. ఇంజన్ కొన్ని నిమిషాలు ఎగుడుదిగుడుగా తిరగొచ్చు, టెన్షన్ వద్దు. డైనమో అంకె ఇంకొకసారి చూసుకో.

నీ కారుకి సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తానే ఆగి మళ్లీ లేచే ఏర్పాటు ఉందా? ఉంటే మామూలు బ్యాటరీ వేయొద్దు, ఈఎఫ్‌బీ అనో ఏజీఎం అనో పాతదాని మీద ఏది రాసుంటే అదే వేయాలి. మైనస్ క్లాంప్ మీద చిన్న సెన్సర్ డబ్బా ఉంటే దాన్ని పట్టి లాగొద్దు. ఖరీదైన జర్మన్ కార్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు కంప్యూటర్‌కి చెప్పాల్సి ఉంటుంది, అవి మాత్రం షోరూమ్‌కే.

పాత బ్యాటరీ బదులు ఇస్తే బిల్లులో కొన్ని వందలు తగ్గుతాయి, కాబట్టి జయపురం వెళ్లేటప్పుడే తీసుకెళ్లాలి. ఇక్కడ నీకో చిక్కుంది, అది విప్పితే నీ కారు కదలదు. పక్కింటాయన కారడుగు, లేకపోతే వైర్లతో స్టార్ట్ చేసి జయపురం వెళ్లి ఆ దుకాణం ముందే నువ్వే మార్చుకో, స్పానర్ నీదే, వాళ్లు వద్దనరు. పక్కింటాయన కారులో తీసుకెళ్తే డిక్కీలో నిటారుగా నిలబెట్టి, కింద ప్లాస్టిక్ తట్ట పెట్టు. ఒకసారి నేను పడుకోబెట్టి తెచ్చి, అదే చోట మా ఆవిడ చీరల సంచి పెట్టాను. ఆ రోజు ఏమీ కనిపించలేదు, చిన్న తడి మరక అంతే. ఉతికి ఆరేశాక చూస్తే చెంగు నిండా జల్లెడలా కన్నాలు.

మీటర్ కొన్నాక ఆ రెండు అంకెలు రాయి, పొద్దున స్టార్ట్ చేయకముందుదీ, సెల్ఫ్ తిరుగుతున్నప్పటిదీ. కొత్తది కొనాలో వద్దో అప్పుడు చెప్తాను.